గొలుసుకట్టు వ్యాపారం: చేరమని మనవాళ్ళే అడిగితే

ఆ ఫోను సాధారణంగా ఆదివారం వస్తుంది. రెండేళ్ళుగా పలకరించని బావమరిదో, కిందటి ఉగాది సభలో పక్కన కూర్చున్న పెద్దమనిషో చేస్తారు. "ఇంట్లోనే ఉన్నారా? ఒక మంచి విషయం మాట్లాడాలి, ఫోన్లో చెప్పేది కాదు" అంటారు. సాయంత్రానికి ఇద్దరు వస్తారు. రెండో మనిషి ఎవరో మీకు తెలియదు, కానీ చొక్కా నలగకుండా ఉంటుంది. కాఫీ అయ్యాక ఆయన ఒక తెల్లకాగితం తీసి పైన ఒక సున్నా చుట్టి, దాని కింద రెండు సున్నాలు, వాటి కింద నాలుగు సున్నాలు వేస్తాడు. పైనున్న సున్నా మీరేనట.

మల్టీ లెవెల్ మార్కెటింగ్, నెట్‌వర్క్ మార్కెటింగ్, డైరెక్ట్ సెల్లింగ్ అని పేర్లు మారుతుంటాయి. వాడుకలో మనం గొలుసుకట్టు వ్యాపారం అంటాం. హోసూరు, బళ్ళారి, షోలాపూర్, బరంపురం, యానాం లాంటి చోట్ల తెలుగు కుటుంబాలకి ఇది మిగతావాళ్ళకన్నా ఎక్కువ దగ్గరి విషయం. చుట్టూ వేరే భాష ఉన్న ఊళ్ళో మనవాళ్ళు ఒకరినొకరు వెతుక్కుని నిలబడ్డారు. సంఘం డైరెక్టరీ, పెళ్ళి సంబంధాల వాట్సాప్ గ్రూపు, గుడి కమిటీ, కుల సంఘం: ఈ పట్టీలన్నీ గొలుసు అల్లేవాడికి సిద్ధంగా అమర్చిపెట్టిన సరుకు. "మన తెలుగువాడే కదా" అన్న ఒక్క మాట మీద సంతకాలు అయిపోతాయి.

ఈ వ్యాపారం ఎలా నడుస్తుంది, చట్టం ఏమంటుంది, చేరవచ్చా లేదా, చేరి ఉంటే బయటపడే దారేమిటి అన్నవి ఇక్కడ చూద్దాం.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

మామూలు వ్యాపారంలో సరుకు కంపెనీ నుంచి హోల్‌సేల్ వర్తకుడికి, అక్కడి నుంచి చిల్లర దుకాణానికి, అక్కడి నుంచి మన ఇంటికి వస్తుంది. ప్రతి మెట్టు దగ్గరా కొంత లాభం. డైరెక్ట్ సెల్లింగ్‌లో దుకాణం ఉండదు, సభ్యుడే తిరిగి అమ్ముతాడు. ఇంతవరకూ తప్పు లేదు. చీరల మూట నెత్తిన పెట్టుకుని వీధి వీధి తిరిగినవాళ్ళు చేసిందీ ఇదే.

తేడా తరవాతి మెట్టులో వస్తుంది. సభ్యుడు సరుకు అమ్మడమే కాక కొత్త సభ్యులను చేర్చవచ్చు. వాళ్ళు కొన్నదాని మీద, వాళ్ళు చేర్చినవాళ్ళు కొన్నదాని మీద కూడా పైవాడికి కమీషన్ వస్తుంది. పైవాడు అప్‌లైన్, కిందివాళ్ళు డౌన్‌లైన్. కొన్న సరుకుకి రూపాయల్లో కాక పాయింట్లలో లెక్క కడతారు. పాయింట్లను బట్టి సిల్వర్, గోల్డ్, డైమండ్ అని హోదాలు. చాలా పథకాల్లో కమీషన్ అందాలంటే నెలనెలా ఇంత అని మీరూ కొంటూ ఉండాలి. ఒక నెల కొనకపోతే ఆ నెల కమీషన్ ఆగిపోతుంది. ఈ షరతు మొదటి రోజు కాఫీ దగ్గర ఎవరూ గట్టిగా చెప్పరు.

మన వైపు ఎక్కువగా కనిపించేది రెండు కాళ్ళ పథకం. మీ కింద ఎడమ ఒకరు, కుడి ఒకరు. ఎడమన ఒక అమ్మకం, కుడిన ఒక అమ్మకం జోడీ అయితేనే డబ్బు. ఎడమ వైపు వందమంది ఉండి కుడి వైపు ముగ్గురే ఉంటే మీకు మూడు జోడీలకే వస్తుంది. "మీ ఎడమ కాలు మేమే నింపుతాం, మీరు కుడి కాలు చూసుకుంటే చాలు" అనే మాట ఇక్కడిదే. వినడానికి ఉదారంగా ఉంటుంది గానీ, ఆ ఎడమ కాలు పైవాడికి ఎలాగూ నిండాల్సిందే.

దీనివల్ల ఒకటి జరుగుతుంది. సరుకు బయట ఎవరికీ అమ్ముడుపోకపోయినా గొలుసు కొంతకాలం నడుస్తుంది, ఎందుకంటే కొనేది సభ్యులే. అప్పుడు పైవాడికి వచ్చే డబ్బు కిందివాడి జేబులోదే తప్ప బయటి కొనుగోలుదారుడిది కాదు. నిజమైన వ్యాపారానికీ పిరమిడ్‌కీ ఉన్న గీత ఇదే. ఆ గీత ఎక్కడుందో తెలుసుకోవడానికి నేను అడిగే ప్రశ్న ఒకటే: కింద ఒక్కరూ చేరరని ముందే తెలిస్తే, ఈ ధరకి ఈ సరుకు ఎవరైనా కొంటారా?

ఐదుగురి లెక్క

"మీరు ఐదుగురిని చేర్చండి, ఆ ఐదుగురూ ఐదేసిమందిని చేరుస్తారు" అంటారు. కాగితం మీద వేసి చూద్దాం. మీ కింద 5, ఆ కింద 25, ఆపైన 125, 625, 3,125. పదమూడో మెట్టుకి వచ్చేసరికి ఆ ఒక్క మెట్టులోనే 122 కోట్ల పైచిలుకు మంది కావాలి. పై మెట్లన్నీ కలుపుకుంటే 152 కోట్లు. దేశం మొత్తం చాలదు.

అంత దూరం వెళ్ళక్కర్లేదు. మీ ఊళ్ళో 800 తెలుగు ఇళ్ళు ఉన్నాయనుకుందాం. మొదటి ఇల్లు 1, తరవాత 5, 25, 125, 625. మొత్తం 781. అంటే నాలుగో మెట్టుకే ఊళ్ళో మనవాళ్ళు అయిపోయారు. ఆ నాలుగో మెట్టులో ఉన్న 625 ఇళ్ళకి చేర్చడానికి ఇంక ఎవరూ లేరు. వందలో 80 ఇళ్ళు అక్కడే ఉన్నాయి. వాళ్ళు బద్ధకస్తులు కాబట్టో, నమ్మకం చాలకో నష్టపోలేదు. వాళ్ళు ఎవరైనా సరే, ఆ చోట ఉన్నవాళ్ళు నష్టపోక తప్పదు. గొలుసు ఎంత పెద్దదైనా, ఏ రోజున ఆపి చూసినా, ఐదేసి మంది లెక్కలో అట్టడుగున ఉండేది ఎప్పుడూ ఆ 80 వంతే.

సభల్లో "మీరు గట్టిగా ప్రయత్నించలేదు" అని మైకులో తిట్టేవాళ్ళకి ఈ లెక్క తెలియదని నేను అనుకోను.

ఒక ఏడాది ఖాతా

ఇప్పుడు ఒక ఇంటి ఖాతా రాద్దాం. అంకెలు ఉదాహరణకే. మీ చేతిలో ఉన్న పథకం అంకెలు వేసుకుని మళ్ళీ లెక్కగట్టుకోండి.

చేరినప్పుడు కొన్న ప్యాకేజీ రూ. 12,000. హోదా నిలుపుకోవడానికి నెలకి రూ. 2,500 చొప్పున ఏడాదికి రూ. 30,000. సభల టిక్కెట్లు నెలకి రూ. 300, ఏడాదికి రూ. 3,600. తిరుగుళ్ళు, టీలు, బస్సులు నెలకి రూ. 500 చొప్పున రూ. 6,000. మొత్తం రూ. 51,600. ఇందులో సరుకు విలువ తీసేయాలి, అది న్యాయం. ప్యాకేజీలో వచ్చినవి బజారులో రూ. 4,000 చేస్తాయనుకుందాం. నెలనెలా వచ్చిన సబ్బులూ పొడులూ లేకపోతే మీరు దుకాణంలో రూ. 900 పెట్టేవారు, ఏడాదికి రూ. 10,800. ఈ రెండూ తీసేస్తే మిగిలిన భారం రూ. 36,800.

జోడీకి రూ. 500 ఇస్తే ఈ భారం తీరడానికి 74 జోడీలు కావాలి. అంటే మీ కింద 148 మంది చేరాలి. అప్పటికి మీకు లాభం సున్నా. జోడీలు జోడీలుగా నిండిన చెట్టులో ఆ 148 మందిలో సుమారు సగం మంది కింద ఎవరూ ఉండరు. అంటే మీరు పెట్టుబడి తిరిగి రాబట్టుకున్న రోజున మీ కింద డెబ్బై నాలుగైదు ఇళ్ళు మీరు ఏడాది కిందట ఉన్న చోటే ఉంటాయి. వాళ్ళలో మీ చెల్లెలు ఉండొచ్చు, మీ పిల్లల ట్యూషన్ మాస్టారు ఉండొచ్చు.

ఇది మన ఊహే కాదు. ఈ వ్యాపారం పుట్టి పెరిగిన దేశం అమెరికా. 2024 సెప్టెంబరులో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 70 కంపెనీలు స్వయంగా ప్రకటించిన ఆదాయ వివరాలు చూసి ఒక నివేదిక ఇచ్చారు. సభ్యుల్లో ఎక్కువమందికి వచ్చింది ఏడాదికి 1,000 డాలర్లు, లేదా అంతకన్నా తక్కువ. ఖర్చులు తీయకముందు లెక్క ఇది. కనీసం 17 కంపెనీల్లో ఎక్కువమంది సభ్యులకి అసలేమీ రాలేదు.

పక్కనే ఇంకో వ్యాపారం పెట్టి చూడండి. షోలాపూర్‌లోనో కోయంబత్తూరులోనో ఇంట్లో చీరలు అమ్మే ఆవిడ ప్రతి కాలనీలో ఒకరుంటారు. చీరాల నుంచో సూరత్ నుంచో బేలు తెప్పించుకుని, నెలవారీ వాయిదాల మీద అమ్ముతుంది. రాని బాకీలు ఉంటాయి, పోని రంగులు మిగిలిపోతాయి, లాభం పెద్దదేం కాదు. కానీ ఆవిడ లాభానికి మీరు కూడా చీరల వ్యాపారం మొదలుపెట్టాల్సిన అవసరం లేదు. పైగా కాలనీలో చీరలమ్మేవాళ్ళు పెరిగితే ఆవిడకి నష్టం. గొలుసుకట్టులో మాత్రం పోటీదారుడిని తయారుచేసినందుకే బహుమానం ఇస్తారు. ఇదొక్కటి చాలు అనుమానించడానికి.

చట్టం ఏమంటుంది

ఇక్కడ రెండు చట్టాలు గుర్తుపెట్టుకోవాలి.

మొదటిది 1978 నాటి ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం. త్వరగా, సులువుగా డబ్బు వస్తుందని చెప్పి, ఆ రాబడిని సభ్యుల చేరికతో ముడిపెట్టే పథకాలు దీని కిందికి వస్తాయి. అలాంటి పథకం నడపడమే కాదు, అందులో సభ్యుడిగా చేరడం, పాల్గొనడం, దాని కోసం డబ్బు తీసుకోవడం, పంపడం కూడా 3వ సెక్షన్ నిషేధించింది. 4వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు. "మేం మోసపోయినవాళ్ళం, మాకేం అవుతుంది" అనుకునేవాళ్ళు ఈ మాట రెండోసారి చదవాలి. మీరు పదిమందిని చేర్చి ఉంటే, ఆ పదిమంది ఫిర్యాదులో ఉండే మొదటి పేరు కంపెనీది కాదు, మీదే.

చీటీలు వేసే ఇళ్ళవాళ్ళకి ఇక్కడ ఒక సందేహం వస్తుంది. రిజిస్టరైన చిట్ ఫండ్ వేరు. దానికి 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ఉంది, రిజిస్ట్రార్ ఉంటాడు, నిర్వాహకుడి కమీషన్‌కి పరిమితి ఉంది. 1978 చట్టం నిషేధించిన ప్రైజ్ చిట్ అది కాదు.

ఈ 1978 చట్టం డైరెక్ట్ సెల్లింగ్‌కి వర్తిస్తుందా అన్న ప్రశ్న మీద ముఖ్యమైన తీర్పుల్లో ఒకటి తెలుగు నేల మీదే వచ్చింది. 1998లో మన దేశంలో అమ్మకాలు మొదలుపెట్టిన ఆమ్‌వే మీద 2006లో ఆంధ్రప్రదేశ్ సీఐడీ కేసు పెట్టింది. కంపెనీ హైకోర్టుకి వెళ్ళింది. 2007 జూలైలో హైకోర్టు కంపెనీ వాదన తోసిపుచ్చి, ఆ పథకం పైకి చూడగానే 1978 చట్టం కిందికి వచ్చేలాగే ఉందని చెప్పింది. 2022 ఏప్రిల్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ అదే కంపెనీకి చెందిన 757 కోట్ల రూపాయలకు పైగా ఆస్తులను జప్తు చేసింది. 2002-03 నుంచి 2021-22 దాకా కంపెనీ రూ. 27,562 కోట్లు సమకూర్చుకుని, అందులో రూ. 7,588 కోట్లు పంపిణీదారులకూ సభ్యులకూ కమీషన్లుగా ఇచ్చిందని ఈడీ చెప్పింది. బజారులో దొరికే అలాంటి సరుకులకన్నా వీటి ధర చాలా ఎక్కువని కూడా ఆరోపించింది. ఇది 2011 నాటి దర్యాప్తు అనీ, తాము సహకరిస్తూనే ఉన్నామనీ కంపెనీ అంది.

రెండోది కొత్తది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్రం 2021 డిసెంబరు 28న డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు ప్రకటించింది. డైరెక్ట్ సెల్లింగ్ చట్టబద్ధమే అని ఒప్పుకుంటూ, పిరమిడ్ పథకాలనీ మనీ సర్క్యులేషన్‌నీ ఈ నియమాలు నిషేధించాయి. కంపెనీకి దేశంలో రిజిస్టరు ఆఫీసు ఉండాలి. ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి. ఆయన 48 పనిగంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పి, మామూలుగా నెలలోపు పరిష్కరించాలి. చేరినవాళ్ళు కొన్ని రోజుల్లోపు జరిమానా లేకుండా వెనక్కి తగ్గే గడువు ఇవ్వాలి. అమ్మకానికి ఇంటికి వచ్చే మనిషి దగ్గర గుర్తింపు కార్డు ఉండాలి, ముందుగా మన అనుమతి తీసుకోవాలి. ఆదివారం ఫోను చేసిన బావమరిది వెంట చెప్పకుండా వచ్చిన ఆ రెండో మనిషి ఈ నియమాన్ని అప్పటికే దాటాడు.

కాబట్టి "ఇది చట్టబద్ధం" అన్నా "ఇది నిషేధం" అన్నా సగం నిజమే. పేరు మీద కాదు, డబ్బు ఎటు నుంచి ఎటు పోతోందన్న దాని మీద చట్టం ఆధారపడుతుంది.

మన చుట్టుపక్కల జరిగినవి

మహారాష్ట్రలోని పాఠకులకి స్పీక్ ఏషియా గుర్తుండే ఉంటుంది. 2010, 2011 ప్రాంతంలో రూ. 11,000 కట్టి సభ్యులైతే వారానికి రెండు సర్వేలు, సర్వేకి రూ. 500. ఆ లెక్కన ఏడాదికి యాభై వేలు దాటుతుంది. కొత్తవాళ్ళని చేరిస్తే అదనం. ఆ సర్వేలకి డబ్బిచ్చే కంపెనీలు ఎవరన్నది ఎవరూ అడగలేదు. 2011లో చెల్లింపులు ఆగాయి, ముంబయి ఆర్థిక నేరాల విభాగం రంగంలోకి దిగింది. ఆశ్చర్యమేమిటంటే, డబ్బు ఇరుక్కున్న సభ్యులే సంఘంగా ఏర్పడి కంపెనీ తరఫున కోర్టులకి వెళ్ళారు.

అదే కథ పుష్కరం తరవాత కోయంబత్తూరులో కనిపించింది. మైవీ3 యాడ్స్ అనే సంస్థ ఫోన్లో ప్రకటనలు చూస్తే డబ్బు అంది. డబ్బు కట్టి హోదా పెంచుకుంటే ఎక్కువ, చేరిస్తే ఇంకా ఎక్కువ. 2024 జనవరిలో పోలీసులు కేసు పెట్టారు. వెంటనే వేలమంది నీలంబూర్ బైపాస్ దగ్గర గుమిగూడారు, కంపెనీకి మద్దతుగా. కేసు పడితే చెల్లింపులు ఆగుతాయి, ఆగితే నష్టం తమది. పైగా తాము చేర్చినవాళ్ళకి ముఖం చూపించలేరు. గొలుసులో చేరిన మనిషి నోరు విప్పకపోవడానికి డబ్బుకన్నా ఈ రెండో కారణమే పెద్దదని నాకు అనిపిస్తుంది.

ఒడిశాలో సరుకు కూడా లేకుండా పోయింది. సోలార్ టెక్నో అలయన్స్ పేరుతో క్రిప్టో టోకెన్లు అమ్మి, సభ్యులతో సభ్యులను చేర్పించిన ఒక గొలుసును అక్కడి ఆర్థిక నేరాల విభాగం 2023 ఆగస్టులో పట్టుకుని, దాని దేశీయ అధిపతిని అరెస్టు చేసింది. ముంబయి దాదర్‌లో మెరిసే షోరూము పెట్టి, రాళ్ళు కొంటే వారం వారం వడ్డీ అన్న టోరెస్ 2025 జనవరిలో తలుపులు మూసేసింది. అక్కడా, ఇంకొకరిని తెచ్చినవాళ్ళకి బహుమానాలు ఉండేవి.

బెంగళూరు కేంద్రంగా విహాన్ డైరెక్ట్ సెల్లింగ్ ద్వారా నడిచిన క్యూనెట్ మీద 2019లో సైబరాబాద్ పోలీసులు వరసగా కేసులు పెట్టారు. సంస్థ ఆరోపణలను ఖండిస్తూ వచ్చింది. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో అగ్నిప్రమాదం జరిగి ఆరుగురు చనిపోయారు. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు పల్లెల నుంచి వచ్చిన పాతికేళ్ళ లోపు పిల్లలు. వాళ్ళు పనిచేసిన మార్కెటింగ్ ఆఫీసుకి క్యూనెట్‌తో సంబంధం ఉందని బయటపడింది. డబ్బు కట్టి ఆ పనిలో చేరారని కుటుంబాలు చెప్పాయి. ప్రాణాలు తీసింది మంటలే, వ్యాపార పథకం కాదు. కానీ ఉద్యోగం అన్న మాట నమ్మి ఊరి నుంచి డబ్బు తెచ్చి కట్టిన పిల్లలు ఆ గదుల్లో ఉన్నారన్న సంగతి అప్పుడే చాలామందికి తెలిసింది. మన ఊళ్ళ నుంచి బెంగళూరుకీ చెన్నైకీ ఉద్యోగం అని వెళ్ళే పిల్లలు ముందు డబ్బు కట్టమన్నారని చెబితే, అది ఉద్యోగం కాదని అప్పుడే చెప్పాలి.

చూపించే కాగితాలు

కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, జీఎస్‌టీ నంబరు, పాన్, సరుకు మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు, ఐఎస్ఓ ముద్ర: ఇవన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టి చూపిస్తారు. మొదటిది కంపెనీ అనేది ఒకటుందని చెబుతుంది. రెండోది పన్ను కడుతుందని. ఆహార లైసెన్సు ఆ పొడి గురించి. వీటిలో ఏదీ కమీషన్ పథకాన్ని ప్రభుత్వం పరిశీలించి సరేనన్నదని చెప్పదు. ప్రభుత్వానికి వివరాలు దాఖలు చేయడం వేరు, అనుమతి పొందడం వేరు.

మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి. నెలకి లక్ష వస్తోందన్నవాడిని బ్యాంకు సందేశం స్క్రీన్‌షాట్ కాదు, ఫారం 26ఏఎస్ చూపించమనండి. కమీషన్ మీద కంపెనీ కోసిన పన్ను అందులో పడుతుంది కాబట్టి ఏడాదిలో నిజంగా ఎంత వచ్చిందో తెలిసిపోతుంది. ఆ వెంటనే అదే ఏడాదిలో ఆయన కొన్న సరుకు బిల్లుల మొత్తం అడగండి. రెండో ప్రశ్న దగ్గరే చాలామంది మాట మారుస్తారు. ఒప్పంద పత్రం ఇంటికి తెచ్చుకుని చదువుకుంటామనండి. సభలో చెప్పేది తెలుగులో, రాసి ఉండేది ఇంగ్లీషులో. వెనక్కి తగ్గే గడువు ఎన్ని రోజులు, అమ్ముడుపోని సరుకు ఎంత ధరకి వెనక్కి తీసుకుంటారు, నెలనెలా కొనాల్సిన కనీసం ఎంత, ఈ మూడూ అందులో వెతకండి. కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో కంపెనీ పేరు కొడితే ఎప్పుడు పుట్టిందో ఉచితంగా కనిపిస్తుంది. "ఇరవై ఏళ్ళ చరిత్ర" ఉన్న కంపెనీ వయసు కొన్నిసార్లు ఎనిమిది నెలలు.

చేరే రుసుము అడిగితే అక్కడే ఆగిపోండి. 2016 నాటి కేంద్ర మార్గదర్శకాల్లోనే చేరికకి రుసుము ఉండకూడదని ఉంది. అందుకే ఇప్పుడు రుసుము అనరు, ప్యాకేజీ అంటారు.

మరి చేరవచ్చా? నా అభిప్రాయం దాచను. సంపాదన కోసమైతే వద్దు. సరుకు నచ్చితే కొనుక్కోండి, బిల్లు తీసుకోండి, కింద పేరు మాత్రం రాయించుకోకండి. ఎవరినీ చేర్చకుండా, తెలిసిన నలుగురికి డబ్బాలో క్రీములో అమ్మి చేతిఖర్చులు తెచ్చుకునే ఆడవాళ్ళు ఉన్నారు, వాళ్ళని తప్పుపట్టేదేం లేదు. వాళ్ళెవరూ ఉద్యోగం మానేయమని సలహా ఇవ్వరు.

కాదనడం

దీనిలో కష్టమైన భాగం లెక్క కాదు, మొహమాటం. అల్లుడు అడిగితే కాదనగలమా? సంబంధం కుదిర్చిన పెద్దాయన వచ్చి కూర్చుంటే? పరాయి ఊళ్ళో మనకున్న నాలుగిళ్ళలో ఒక ఇల్లు దూరమైతే మళ్ళీ ఎక్కడ తెచ్చుకుంటాం?

మా పెద్దమ్మగారింట్లో అటక మీద ప్రోటీన్ పొడి డబ్బాల పెట్టె చాలా ఏళ్ళు ఉండేది. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. పెద్దమ్మ ఆడపడుచు చేర్పించింది. పెద్దమ్మ ఇంకో ముగ్గురిని చేర్పించింది, గాజులు తాకట్టు పెట్టి రెండో హోదా కొంది. డబ్బు పోయింది. అది రెండేళ్ళలో సర్దుకుంది. ఆడపడుచుతో మాటలు మాత్రం మా అక్క పెళ్ళి దాకా లేవు, ఆ పెళ్ళికీ ఆవిడ భోజనం చేయకుండా వెళ్ళిపోయింది. ఆవిడ కూడా మోసపోయిందే, ఆవిడ గాజులూ తాకట్టులోనే ఉన్నాయని తరవాత తెలిసింది.

అందుకే నేను మొదటి రోజే చెప్పేస్తాను. "బావా, సబ్బు కావాలంటే నీ దగ్గరే కొంటాను. పేరు మాత్రం రాయించుకోను, మా ఇంట్లో అలా అనుకున్నాం." ఇంట్లో అనుకున్నాం అంటే వాదన మీతో కాదు, కనపడని నలుగురితో అవుతుంది. ఆలోచించి చెబుతాను అనకండి. ఆలోచిస్తున్నవాళ్ళకి ప్రతి వారం ఫోను వస్తుంది. సంఘాలు చేయగలిగింది కూడా ఒకటుంది: సభ్యుల డైరెక్టరీ, పెళ్ళి సంబంధాల గ్రూపు వ్యాపార ప్రచారానికి వాడకూడదని సర్వసభ్య సమావేశంలో ఒక్క తీర్మానం.

ఇప్పటికే చేరి ఉంటే

ముందు కొత్తవాళ్ళని చేర్చడం ఆపండి. పెట్టుబడి రాబట్టుకోవడానికి ఇంకో ఇద్దరు చాలు అనిపించే రోజు తప్పకుండా వస్తుంది. ఆ ఇద్దరే తరవాత మీ మీద ఫిర్యాదు చేసేవాళ్ళు.

వెనక్కి తగ్గే గడువు ఇంకా ఉంటే కంపెనీకి ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపండి. అప్‌లైన్‌కి చెప్పడం కంపెనీకి చెప్పినట్టు కాదు. సీలు విప్పని సరుకు వెనక్కి పంపుతూ రసీదు తీసుకోండి. ఒప్పందం, బిల్లులు, యూపీఐ చెల్లింపుల వివరాలు, వాట్సాప్ సందేశాలు, సభల వీడియోలు చెరపకుండా ఇంకో ఫోన్లో దాచండి. గ్రూపు నుంచి మిమ్మల్ని తీసేయకముందే ఈ పని చేయాలి. అప్‌లైన్ సొంత ఖాతాకి పంపిన డబ్బు, నగదుగా ఇచ్చిన డబ్బు వేరుగా రాసుకోండి.

సొంత వాడకానికి కొన్న సరుకు గురించి అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. అక్కడ తెలుగులోనూ మాట్లాడతారు, మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల లోపు విలువకి రుసుము లేదు, గడువు రెండేళ్ళు. ఆన్‌లైన్లో డబ్బు పోతే వెంటనే 1930. డిపాజిట్లలాగా డబ్బు సేకరించిన పథకమైతే రిజర్వ్ బ్యాంకు వారి సచేత్ పోర్టల్ ఉంది.

గొలుసు నడిపినవాళ్ళ మీదైతే పోలీసు దారే. తమిళనాడులోనూ ఒడిశాలోనూ ఆర్థిక నేరాల విభాగాలు విడిగా ఉన్నాయి, ముంబయి పోలీసుల్లోనూ ఉంది. తమిళనాడులో 1997 నుంచి, మహారాష్ట్రలో 1999 నుంచి, కర్ణాటకలో 2004 నుంచి, ఒడిశాలో 2011 నుంచి డిపాజిటర్ల రక్షణ చట్టాలు ఉన్నాయి. డిపాజిట్లు తీసుకుని ఎగ్గొట్టిన సంస్థల ఆస్తులు జప్తు చేసి పంచే వీలు వాటిలో ఉంది. యానాం వాళ్ళు పుదుచ్చేరి పోలీసుల పరిధిలోకి వస్తారు, చేర్పించినవాడు పక్కనే కాకినాడలో ఉన్నా సరే. ఇలా మనిషి ఒక రాష్ట్రంలో, కంపెనీ ఇంకో రాష్ట్రంలో ఉన్నప్పుడు "అక్కడికి వెళ్ళి ఇచ్చుకోండి" అని తిప్పి పంపుతారు. కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. దాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారు, ఆ మాట వాడి అడగండి.

ఫిర్యాదు ఒక్కరుగా కాక, మీరు చేర్చినవాళ్ళనీ కలుపుకుని ఇస్తే మంచిది. వాళ్ళకి ముందుగా మీరే వెళ్ళి చెప్పాల్సి వస్తుంది. తేదీలు, మొత్తాలు, ఎవరు ఎవరికి ఏ ఖాతాకి పంపారో ఒక పట్టికగా, ఇంగ్లీషులో గానీ స్థానిక భాషలో గానీ రాసి పట్టుకెళ్ళండి. స్టేషన్‌లో తెలుగు చదివేవాళ్ళు ఉండకపోవచ్చు. రెండు నకళ్ళు తీసి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.